ముద్ర చూసి మొహం తిప్పుకోకండి

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి లేపాక్షి వైపో పుట్టపర్తి వైపో మళ్ళే పాత కార్లు ఆదివారం పూట అప్పుడప్పుడూ కనబడతాయి. బెంగళూరు నుంచి వస్తాయి. టాపు తెరిచిన ఎంజీ ఒకటి టీ కొట్టు ముందు ఆగిందంటే చుట్టూ మూగేవాళ్ళు రెండు రకాలు. పిల్లలు హారన్ కొట్టి చూస్తారు. తెలిసినవాళ్ళు కిందికి వంగి చక్రాలు చూస్తారు. చూసి, లేచి, చేతులు దులుపుకుని తీర్పు చెప్పేస్తారు: "రిమ్ములు కంపెనీవి కావబ్బా. ఇంజన్ కూడా మార్చినట్టున్నారు. బంగారంలాంటి బండి చెడగొట్టినారు."

ఈ తీర్పు టీ కొట్టు దగ్గరే ఆగిపోతే ఇంత రాయాల్సిన పనుండేది కాదు. పాత కార్ల ప్రదర్శనల్లో మార్కులు వేసే చాలామందిది ఇదే కొలబద్ద. బేరగాళ్ళు ఇదే మాటతో ధర దించుతారు, ఇదే మాటతో పెంచుతారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లోకీ ఇదే ఆలోచన చొరబడింది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు కారు ఎలా ఉందో అదే దాని నిజరూపమట. ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పూ దానికి అంటిన మచ్చేనట. మార్చిన మెకానిక్కు దోషి అట. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు బారులు తీరి బయటికొస్తున్న జిల్లా మాది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే బండ్లను రోజూ చూసే కళ్ళకు 'కంపెనీ ఫిట్టింగ్' శిలాశాసనంలా తోచడంలో వింతేమీ లేదు. అరవయ్యేళ్ళు మన రోడ్ల మీద బతికి బట్టకట్టిన స్పోర్ట్స్ కారును కూడా అవే కళ్ళతో చూడటమే అన్యాయం.

చక్రం అసలుదో కాదో తేల్చుకోవద్దని నేననడం లేదు. తప్పకుండా తేల్చుకోవాలి. అది గట్టి విద్య, మన షెడ్లలో ఇంకా ఎక్కువమందికి రావాలి. నా తగవు ఆ తర్వాత జరిగే దాంతో. చక్రం మీది ముద్ర కారు కథలో ఒక తేదీ చెబుతుంది, అంతే. ఆ తేదీ కారు పుట్టుకతో సరిపోతే మొక్కడం, సరిపోకపోతే కారును వెలివేయడం అనే ఆచారం మనకు ఇచ్చినవి రెండే: చరిత్ర మీద అజ్ఞానం, బజారు నిండా దొంగ ముద్రలు.

ముందు ఆ విద్య సంగతి చూద్దాం. దాన్ని సరిగ్గా నేర్చినవాడికి ఈ ఆచారం ఎంత డొల్లో దానంతట అదే తెలుస్తుంది.

రిమ్ము బయటి మెరుపు దేనికీ సాక్ష్యం కాదు. రంగు, పాలిష్ ఎవరైనా వేయిస్తారు. టైరు విప్పించి, లోపలి వైపూ వెనకవైపూ తుప్పు గీకి చూడాలి. తయారీదారు పేరు, వెడల్పు, వ్యాసం అక్కడ గుద్ది ఉంటాయి. చాలావాటికి నెల, సంవత్సరం కూడా ఉంటాయి. చక్రం తేదీ కారు తేదీకి కొన్ని వారాలో నెలలో ముందుండాలి. కారు పుట్టాక పుట్టిన చక్రం కారుతో పాటు వచ్చింది కాదు, అక్కడ వాదనకు తావు లేదు. తర్వాత స్టడ్డులెన్ని, వాటి మధ్య దూరమెంత అన్నది. స్పోకుల చక్రమైతే లెక్కపెట్టాలి. ఎంజీఏకు మామూలుగా 48, ఎంజీబీకి 60, జాగ్వార్ ఈ-టైప్‌కు 72. నడుమ ఒకే పెద్ద రెక్కల నట్టుతో బిగించే చక్రమైతే మర చూడాలి. బ్రిటిష్ కార్లలో ఎడమవైపు నట్టుకు మామూలు మర, కుడివైపు నట్టుకు ఉల్టా మర. కారు ముందుకు పరిగెత్తేకొద్దీ నట్టు వదులు కాకుండా బిగుసుకోవడానికి చేసిన ఏర్పాటది. హబ్బులు అటూ ఇటూ మార్చి బిగించిన షెడ్డు బండికి చక్రం ఊడే ప్రమాదాన్ని కొనిపెట్టినట్టే. పోర్షె 911 ఎస్‌కు 1966లో జర్మనీలోని ఫుక్స్ కంపెనీ చేసిచ్చిన అయిదు రేకుల అల్యూమినియం చక్రాలు పోత పోసినవి కావు, ప్రెస్సు కింద అదిమి చేసినవి. వాటి నకళ్ళు లోకమంతా దొరుకుతాయి. వెనకనున్న గుర్తులూ తక్కెడా కలిసి నిజం చెబుతాయి.

వీటన్నిటికంటే నమ్మకమైన సాక్షి డిక్కీలో ఉంటుంది. స్టెప్నీ తక్కువ తిరుగుతుంది, తక్కువ దెబ్బలు తింటుంది, దాన్ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కింద తిరిగే నాలుగూ ఒక కథ చెప్పి, స్టెప్నీ వేరే కథ చెబితే ముందు వినాల్సింది స్టెప్నీ మాటే.

ఇంత చదువు చదివాక ఏం తేలుతుంది? 'అసలు చక్రం' అనేది ఒక్కటే ఉంటుందన్న నమ్మకం కూలిపోతుంది. 1955లో వచ్చిన ఎంజీఏకు కంపెనీ మామూలుగా బిగించి పంపింది రేకు డిస్కు చక్రాలు. స్పోకుల చక్రాలు అదనపు డబ్బు కట్టిన వాళ్ళకే. ఇవాళ రేకు డిస్కులున్న ఎంజీఏను చూసి "అయ్యో, స్పోకులు పీకేశారు" అని జాలిపడేవాళ్ళు ఉన్నారు. ఉన్న డిస్కులు తీసేసి, హబ్బులు మార్చి, తళతళలాడే క్రోము స్పోకులు తెచ్చి బిగించి "ఒరిజినల్ చేశాం" అని చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ-టైప్ స్పోకులకు కంపెనీ వేసింది మామూలుగా వెండి రంగు. క్రోము కోరుకున్నవాళ్ళకే. 1968 నుంచి అమెరికాలో అమ్మే కార్ల చక్రాలకు రెక్కల నట్లు ఉండకూడదని అక్కడి భద్రతా నిబంధన వచ్చింది. దాంతో అదే మోడల్ కారు అదే ఏడాది ఒక దేశానికి రెక్కలతో, ఇంకో దేశానికి రెక్కల్లేని నట్టుతో వెళ్ళింది. వీటిలో ఏది అసలుది? రెండూ. మరి ఆ కార్లు చేతులు, దేశాలు మారి మన దాకా వచ్చాక టీ కొట్టు న్యాయమూర్తి దేన్ని చూసి తీర్పు చెబుతున్నట్టు?

ఇంకో ముచ్చట. ఈ ఒంటి నట్టు చక్రాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో ఇంగ్లండులోని రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ ఎందుకు పుట్టించింది? దారిలో పంచరైతే సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ఉన్న చక్రం పీకి ఇంకోటి తగిలించుకోవడానికి. తీసి వేరేది పెట్టుకోవడం కోసమే పుట్టిన వస్తువు తీసి వేరేది పెట్టుకున్నారని కారును తప్పు పట్టడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది. మా పక్క ఎద్దుల బండి చక్రానికి కమ్మరి ఎన్నిసార్లు కొత్త పట్టా తొడిగినా అది డూప్లికేటు బండి అన్నవాణ్ణి నేను చూడలేదు.

అసలు విషయానికి వస్తే, ఈ 'చెడగొట్టడం' ఎందుకు జరిగింది? ఇంగ్లండు పత్రికల పేజీల నుంచి అరువు తెచ్చుకున్న కొలబద్దకు ఈ ప్రశ్న తెలియదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే విదేశీ కార్ల దిగుమతి మీద గేట్లు మూసుకోవడం మొదలైంది. 1953 నాటికి ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేని అసెంబ్లీ కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఆ దశకంలోనే మూట సర్దుకున్నాయి. అక్కణ్ణించి దాదాపు మూడు దశాబ్దాలు మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ తప్ప చెప్పుకోదగ్గ కారు లేదు. అప్పటికే దేశంలో ఉన్న ఎంజీ, జాగ్వార్, ట్రయంఫ్ బండ్లకు విడిభాగం కావాలంటే విదేశీ మారకం కావాలి, లైసెన్సు కావాలి, అంతకుమించి ఓపిక కావాలి. రిమ్ము పగిలినవాడు ఏం చేస్తాడు? బెంగళూరు జేసీ రోడ్డులో వెతుకుతాడు, శివాజీనగర్ గుజిరీలో వెతుకుతాడు, మద్రాసు పుదుపేటలో వెతుకుతాడు. దొరికింది తెస్తాడు. లేత్ మిషన్ దగ్గర కూర్చుని బొక్కలు సరిచేయిస్తాడు. బండి కదులుతుంది. ఆ పని చేయనివాడి బండి ఏమైంది? తుక్కు అయింది. ఇవాళ మన ముందు నిలబడి ఉన్న ప్రతి పాత స్పోర్ట్స్ కారు వెనకా 'కంపెనీది కాని' ఏదో ఒక ముక్క ఉంది. ఆ ముక్క బిగించిన చేయి లేకపోతే, ఇవాళ తీర్పు చెప్పడానికి అసలు కారే ఉండేది కాదు.

ఇంకొంచెం లోతుకు దిగితే ఆ చేతులు గుడ్డిగా కూడా పనిచేయలేదు. ఎంజీలో అంబాసిడర్ ఇంజన్ పెట్టారంటే ముక్కు చిట్లించేవాళ్ళకు ఒక చుట్టరికం గుర్తు చేయాలి. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ఎంజీ అంటే పుట్టుకతో ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజీలు. 1959 నుంచి అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజనూ, 1955 నాటి ఎంజీఏలోని 1489 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ బి-సిరీస్ కుటుంబానివి. ఎంజీఏలో రెండు కార్బురేటర్లు, ఎక్కువ ఊపు. అంబాసిడర్‌లో ఒకటే కార్బురేటర్, నిదానం. ఆ కుటుంబమే పెరిగి 1798 సీసీ ఎంజీబీ అయింది. ఎంజీఏకు అంబాసిడర్ బ్లాకు వేసిన మెకానిక్కు ఏ పుస్తకమూ చదవకుండానే ఆ బంధుత్వాన్ని చేతులతో కనిపెట్టాడు. చక్రం కొలతా అంతే. రెండిటికీ 15 అంగుళాల రిమ్మే కాబట్టి ఎంజీఏ యజమాని టైరు కోసం సముద్రం దాటాల్సిన పని లేకపోయింది.

ట్రయంఫ్‌ది ఇంకా తేటగా ఉంటుంది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ ట్రయంఫ్ హెరాల్డే. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఆ హెరాల్డ్ ఛాసిస్ పొట్టి చేసి కట్టిందే. రెండిటికీ రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ మికెలొట్టీ. రెండిటికీ 13 అంగుళాల చక్రం, నాలుగు స్టడ్డులు, స్టడ్డుల మధ్య ఒకే కొలత. స్పిట్‌ఫైర్‌కు మద్రాసు హెరాల్డ్ చక్రం వేస్తే అది పరాయి చక్రమా, పిన్నమ్మ కొడుకు ఇంటి నుంచి తెచ్చుకున్న చక్రమా? వెనక ముద్ర చూసి "ఇండియా మాల్" అని పెదవి విరిచేవాడు లోహం కొలిచినవాడు కాదు, ఊరి పేరు కొలిచినవాడు.

మార్పు స్పోర్ట్స్ కారుకు అంటిన రోగమనుకోవడం దాని పుట్టుక తెలియకపోవడమే. ఎంజీని పుట్టించిన సెసిల్ కింబర్ 1920ల్లో చేసిందేమిటి? మామూలు మోరిస్ కారు ఛాసిస్ తీసుకుని దానికి తేలికైన సొంత బాడీ తొడగడం. 1962లో అమెరికా రేసర్ కారల్ షెల్బీ చేసిందేమిటి? ఇంగ్లండు ఏసీ ఏస్ కారు ముక్కులో అమెరికా ఫోర్డ్ వి8 ఇంజన్ ఇరికించడం. దానికి కోబ్రా అని పేరు పెడితే లోకం చేతులెత్తి మొక్కింది, నేటికీ కోట్లు పోసి కొంటోంది. మన షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు గెలిచిన బండ్లలో చాలావరకు ఫియట్లనూ హెరాల్డ్‌లనూ కోసి, అతికించి, తేలిక చేసి కట్టినవే. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి ఇంజన్ తీసుకుని ఒంటి సీటు రేసు కారు కట్టాడు, ఎందరో కుర్రాళ్ళు దానితోనే రేసు నేర్చారు. లాస్ ఏంజిలిస్‌లో మారిస్తే అది సృష్టి, అనంతపురంలో మారిస్తే అది చెడగొట్టడం! ఈ రెండు నాలుకల తూకాన్ని మాత్రం ఎవరూ పరీక్షకు పెట్టరు.

ముక్కలు మార్చిన కారు ఆ కారేనా కాదా అన్నదాన్ని పరీక్షకు పెట్టిన సందర్భం ఇంగ్లండులోనే ఒకటుంది. 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరుపడ్డ బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లో, 1930లో వరసగా లెమాన్ రేసు గెలిచింది. తర్వాత దాన్ని బ్రూక్‌లాండ్స్ రేసుల కోసం మళ్ళీ మళ్ళీ మార్చారు, పెద్ద ఎనిమిది లీటర్ల ఇంజన్ వేశారు. 1932లో అక్కడే జరిగిన ప్రమాదంలో డ్రైవర్ క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. మిగిలిన కారును మూసిన బాడీతో మళ్ళీ కట్టారు. 1990లో దాన్ని కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న కంపెనీ, ఇందులో పాత ముక్కలేవీ లేవు, ఇది ఆ కారే కాదని అడ్డం తిరిగింది. కేసు లండన్ హైకోర్టుకెక్కింది. 1929 నాటి కారులో కచ్చితంగా మిగిలినవిగా తేలినవి పెడళ్ళ షాఫ్టు, గేర్‌బాక్స్ పెట్టె, స్టీరింగ్ కాలమ్ లాంటి కొద్ది ముక్కలే. అయినా జడ్జి ఆటన్ తీర్పు అమ్మినవాడి వైపే వచ్చింది. ముక్కలు మారినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, ప్రతి మార్పూ ఎప్పుడు ఎందుకు జరిగిందో తెలుసు, దాని స్థానంలోకి ఇంకో కారు రాలేదు, కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నాడు. కోటి పౌండ్ల కారుకు వర్తించే న్యాయం జేసీ రోడ్డు రిమ్ము వేసుకున్న ఎంజీకి ఎందుకు వర్తించదో నాకెవరైనా చెప్పాలి.

"ఒరిజినల్‌కు ధర ఎక్కువ పలుకుతుంది, బజారు అబద్ధమాడదు" అని కొందరు అంటారు. బజారు ధర చెబుతుంది, సత్యం చెబుతుందని ఎవరన్నారు? ముద్రకు ధర కట్టిన రోజునే ముద్రలు తయారుచేసేవాళ్ళు బయల్దేరారు. పాత నంబరు అరగదీసి కొత్త నంబరు గుద్దిన ఇంజన్ బ్లాకులు, పాత తేదీ కొట్టిన కొత్త రిమ్ములు, ఆమ్లంలో ముంచి వయసు తెప్పించిన నట్లు ప్రపంచమంతా పాత కార్ల వ్యాపారానికి పట్టిన చెద. ఇక్కడ ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టండి. ఒకడు 1974లో తన కారుకు దొరికిన రిమ్ము వేసుకుని, దొరికింది ఇదేనని చెప్పినవాడు. ఇంకొకడు నిన్న వేసిన రిమ్ము మీద అరవయ్యేళ్ళ కిందటి తేదీ గుద్దించినవాడు. మొదటివాడి కారుకు మార్కులు కోసి, రెండోవాడి మెడలో దండ వేసే పద్ధతికి వారసత్వ రక్షణ అని పేరు పెట్టుకోవడం సిగ్గుచేటు. చరిత్రను పాడు చేసింది రిమ్ము మార్చినవాడు కాదు, మార్చలేదని నటించినవాడు.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021 జూలైలో చేర్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన, సొంతానికి వాడుకునే వాహనం వింటేజ్ అవుతుంది. దానికి నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ ఇంధనానికీ మాత్రం తీయొచ్చు. మంచిదే. పాత బండ్లకు ఒక గొడుగు దొరికింది. అయితే అదే నిర్వచనం, వాహనం మొదటి రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పు చేసి ఉండకూడదనీ అంటుంది. గమనించండి, ఆ జాబితాలో చక్రం లేదు. కింద వంగి రిమ్ములు చూసి తీర్పులిచ్చే పెద్దలు చట్టం కంటే కఠినులన్నమాట. ఇంజన్ దగ్గర మాత్రం చట్టమే గీత దాటింది. దిగుమతికి గేట్లు మూసింది ప్రభుత్వమే. ఆ మూసిన గేట్ల మధ్య బతకడానికి కారు అంబాసిడర్ ఇంజన్ వేసుకుంది. ఇంజన్ మార్చినవాళ్ళు రవాణా శాఖ దగ్గరికెళ్ళి ఆర్‌సీలో కొత్త నంబరు రాయించుకున్నారు. అంటే ఆ మార్పుకు సర్కారు సంతకమే సాక్ష్యం. ఇప్పుడు అదే సర్కారు, నీ ఇంజన్ మారింది కాబట్టి నువ్వు వారసత్వానికి పనికిరావు అంటే, తన చరిత్రను తానే కాదన్నట్టు.

లోకంలో పాత వాహనాల సంఘాలన్నిటికీ పెద్ద దిక్కుగా 1966లో ఏర్పడిన 'ఫివా' ఇంత మొండిగా లేదు. వాహనం తన కాలంలోనే మార్పు చెందితే, దానికి గుర్తింపు కార్డులో వేరే తరగతి ఉంది. అది తక్కువ కులం తరగతి కూడా కాదు. ఆ సంస్థ తెచ్చిన టురిన్ ఛార్టర్, వాహనం బతుకులో చేరిన మార్పులు కూడా దాని చరిత్రేననీ, ఇవాళ కొత్తగా వేసే ముక్క కొత్తదని తెలిసేలా గుర్తు పెట్టాలనీ చెబుతుంది. దానికి మూలం 1964లో కట్టడాల కోసం రాసుకున్న వెనీస్ ఛార్టర్, ఒక కట్టడానికి ప్రతి కాలమూ చేర్చిన దాన్ని గౌరవించమన్న పత్రం. ఈ సూత్రం మనకు కొత్తేమీ కాదు. లేపాక్షిలో కల్యాణ మండపం పదహారో శతాబ్దంలో ఆగిపోయిన చోటే ఆగి ఉంది. అసలు నమూనా ప్రకారం పూర్తి చేసి 'ఒరిజినల్' చేద్దామని పురావస్తు శాఖ ఉలి పట్టలేదు. ఆగిపోవడం కూడా దాని కథే కాబట్టి. పక్కూరి రాతికి ఇచ్చే మర్యాద మన ఊరి ఇనుముకు ఇవ్వడానికి అడ్డేమిటి?

"ఏమీ మార్చని కార్లూ ఉన్నాయి కదా, హైదరాబాదు వెళ్ళి చూడండి" అంటారు. చూశాం. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, లోపల సింహాసనంలాంటి సీటుతో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు పెట్టిన కారు అది. ఆయన 1911లోనే కన్నుమూశారు, కారు ఆ తర్వాత చేరింది. అది ఊరేగింపులకు తప్ప బయటికి రాలేదు, తిరిగింది బహు తక్కువ. తిరగని కారు అరగదు, అరగని కారుకు మార్పు అక్కర్లేదు. దాని అందాన్ని నేనేమీ తక్కువ చేయను. కానీ ఏమీ మారకపోవడం అనే గొప్ప దివాణాల్లో కూర్చునే కార్లకే దొరుకుతుంది. రాళ్ళ దారిలో తిరిగి, డాక్టర్నో ప్లాంటర్నో రేసు పిచ్చున్న కుర్రాణ్ణో మోసిన కారుకు ఆ కొలబద్ద పెట్టడమంటే, పని చేసినందుకు శిక్ష వేయడమే.

మా నేల సంగతి కూడా ఈ లెక్కలో ఉంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే ఎండు పీఠభూమి ఇది. తీర ప్రాంతంలో ఛాసిస్‌ను తినేసే తుప్పు ఇక్కడ నెమ్మది. లోహం నిలుస్తుంది. అదే ఎండ రబ్బరును పగలగొడుతుంది, చెక్కను కుదిస్తుంది. కొయ్య ఆకులున్న తొలినాటి కార్ల చక్రాలు ఇక్కడి మే నెలలో కిర్రుమని వదులైపోతాయి. కాబట్టి ఇక్కడ నిలిచిన కారులో ఇనుము పాతది, టైరు, పట్టీలు, చెక్క కొత్తవి కావడం సహజం.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. అరవయ్యేళ్ళ స్పోకుల చక్రానికి నడుమ పళ్ళు అరిగి ఉంటాయి, స్పోకులు అలిసి ఉంటాయి. రేసు కార్లకు వేసిన పాత మెగ్నీషియం చక్రాలు కాలం గడిచేకొద్దీ లోలోపల పెళుసెక్కి, కంటికి కనబడని బీటలు తెచ్చుకుంటాయి. వాటిని బీటల పరీక్ష చేయించకుండా రోడ్డెక్కించకూడదని తెలిసినవాళ్ళందరూ చెబుతారు. ఎంజీఏ యజమానులు 48 స్పోకులు తీసి బలమైన 60 స్పోకులు వేసుకున్నది సోకు కోసం కాదు. జాతీయ రహదారి 44 మీద లారీల మధ్య వంద దాటిన వేగంలో, 'ఒరిజినల్' అని పూజించే చక్రం విరిగితే తీర్పు చెప్పినవాళ్ళు వచ్చి కారు పట్టుకోరు. ఆ చక్రాన్ని శుభ్రం చేసి, నూనె రాసి, పేరూ తేదీ రాసి గోడకు తగిలించండి. రోడ్డు మీదికి బలమైనది వేసుకుని వెళ్ళండి. గోడ మీది చక్రం కారుదే, కింద తిరిగేదీ కారుదే.

ఇంతదాకా చదివి "అంతే కదా, నా బండి నా ఇష్టం" అని సంబరపడేవాళ్ళకు నా దగ్గర ఓదార్పేమీ లేదు. 17 అంగుళాల అల్లాయ్ వేయడానికి ఫెండర్ అంచులు కోసేసేవాడు, పాత రిమ్ములు తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేసేవాడు, పాత స్టీరింగ్ జోడింపుకు సరిపోని ఆఫ్‌సెట్ వేసి బేరింగులు నమిలించేవాడు పాత కారు మీద మక్కువ ఉన్నవాడు కాడు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని గట్టిగా చెప్పింది, ఆ మాటలో భద్రత ఉంది. నేను సమర్థిస్తున్నది గతిలేక, ఆలోచించి, దాచకుండా చేసిన మార్పును. దానికి గుర్తులు మూడు. మళ్ళీ వెనక్కి తిప్పుకోవడానికి వీలుండాలి, లేదా అప్పుడు వేరే దారి లేకపోయి ఉండాలి. తీసిన ముక్క దొరికినంతవరకు దాచి ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి ఉండాలి. ఈ మూడూ ఉంటే అది చరిత్ర. ఏదీ లేకపోతే అది తుక్కు పని, అల్లాయ్ ఎంత మెరిసినా సరే.

కాబట్టి చేయాల్సినవి ఎవరి వంతు వాళ్ళకున్నాయి. కేంద్రం వింటేజ్ నిర్వచనంలో, ఆర్‌సీలో ఎక్కిన పాత ఇంజన్ మార్పులను తోసివేయకుండా, కాలపు మార్పులున్న వాహనాలకు వేరే తరగతి పెట్టాలి. ప్రదర్శనల్లో మార్కులు వేసేవాళ్ళు తేదీ సరిపోలని చక్రానికి మార్కు కోసే ముందు, ఆ చక్రం కథ రాతపూర్వకంగా అడగాలి. కథ ఉంటే మార్కు ఇవ్వాలి, దొంగ ముద్ర దొరికితే కారును బయటికి పంపాలి. యజమానులు కారుకు ఒక పుస్తకం పెట్టాలి. అందులో రిమ్ము తేదీలూ ఇంజన్ నంబర్లతో పాటు, బాగుచేసిన షెడ్డు పేరు, చేసిన మెకానిక్కు పేరు, వేసిన ముక్క ఏ బండిదో రాయాలి. ఫుక్స్ పేరు, మికెలొట్టీ పేరు, షెల్బీ పేరు ప్రపంచం రాసిపెట్టుకుంది. హిందూపురంలోనో అనంతపురంలోనో లేత్ మీద అర సూతు తేడా రాకుండా హెరాల్డ్ హబ్బు తోడినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు. రాసుకోకపోవడమే కాదు, అతను చేసిన పనికి 'చెడగొట్టడం' అని పేరు పెట్టాం. కంపెనీ ఆ కారును ఒక్కరోజే తయారుచేసి చేతులు దులుపుకుంది. మిగతా అరవయ్యేళ్ళూ దాన్ని తయారుచేస్తూ వచ్చింది అతనే. ఆ కారు చరిత్ర రాస్తామనేవాళ్ళు అతని పేరుతోనే మొదలుపెట్టాలి.